బొమ్మ ఎక్కడ ఆగాలి?

రూపచిత్రాల విషయంలో మనవాళ్ళ నోట వినిపించే మొదటి మెచ్చుకోలు "అచ్చు గుద్దినట్టుంది" అన్నది. రెండోది "ఎంత ఫినిషింగో!" అన్నది. మొదటిదానితో నాకు పేచీ లేదు, రెండోదానితోనే ఉంది. ఆ ఫినిషింగు మోజు వల్లనే మన ఇళ్ళలోనూ, సభామందిరాల్లోనూ, కళాశాలల వరండాల్లోనూ వేలాడే తైలవర్ణ చిత్రాల్లో మనుషులు కనబడకుండా పోతున్నారని నా అభిప్రాయం. కోటు కనబడుతుంది. కోటు గుండీ మీది మెరుపు కనబడుతుంది. వెనకాల ముదురాకుపచ్చ తెర మడతలు, కుర్చీ చేతికి చెక్కిన సింహం తల, బల్ల మీద ఎవరూ చదవని లావుపాటి పుస్తకం, అన్నీ కనబడతాయి. వీటన్నిటి నడుమ ముఖం కూడా మరో సామానులా సర్దుకుని కూర్చుంటుంది.

దీనికి విరుగుడు చిత్రకారులకు ఏనాటినుంచో తెలుసు. ముఖాన్ని శ్రద్ధగా చిత్రించి, మెడ దాటి భుజాల దగ్గరికి వచ్చేసరికి కుంచెను తేలిక చేసుకుంటూ పోయి, చివరికి బొమ్మను ఉత్త కాగితంలోనో ఉత్త కాన్వాసులోనో కలిపేయడం. రంగు నాలుగంచుల దాకా పోదు. నేపథ్యం అంటూ వేరే ఉండదు, ఉన్నా తల చుట్టూ నాలుగు కుంచె దెబ్బలు మాత్రమే. ఈ కూర్పును విన్యెట్ అంటారు.

మాట ఫ్రెంచి వాళ్ళది. ద్రాక్షతీగను వాళ్ళు 'వీన్య్' అంటారు, విన్యెట్ అంటే చిన్న తీగ. పుస్తకాల్లో అధ్యాయం మొదట్లోనూ చివరా ఖాళీ జాగాలో అల్లే తీగల, ఆకుల నగిషీకి ఆ పేరు వచ్చింది. తరవాత్తరవాత చుట్టూ గీత లేకుండా పుటలో కరిగిపోయే ఏ చిన్న బొమ్మకైనా అదే పేరయింది. థామస్ బ్యూయిక్ అనే ఇంగ్లీషు చెక్కుడు పనివాడు 1797లోనూ 1804లోనూ రెండు సంపుటాలుగా వెలువడిన తన బ్రిటిషు పక్షుల పుస్తకంలో, అధ్యాయాల అడుగున మిగిలిన జాగాల్లో, వేలెడంత బొమ్మలు చెక్కాడు. వాటికి చట్రం ఉండదు. గడ్డి ఎక్కడ అయిపోయిందో, కాగితం ఎక్కడ మొదలయిందో చెప్పడం కష్టం. పక్షుల కోసం పుస్తకం తెరిచినవాళ్ళు ఈ బొమ్మల దగ్గర ఆగిపోతారు. (తెలుగులో దీనికి మాట కావాలంటే మూలార్థాన్ని పట్టుకుని 'లతిక' అనొచ్చు. అయితే ఆ పేరుగల అమ్మాయిలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు కనక అయోమయం తప్పదు. 'చిరుతీగ' అందామా? పదాలు పుట్టించే సరదా ఉన్న మిత్రులు ఆలోచించగలరు. ప్రస్తుతానికి నేను విన్యెట్ అనే అంటాను.)

ఇక్కడో గందరగోళం తీర్చుకోవాలి. ఫోన్లలో ఫోటోలు దిద్దే సాఫ్టువేర్లన్నిటిలోనూ విన్యెట్ అనే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే మూలలు నల్లబడతాయి. దాని మూలం వేరు. కటకం గొట్టం అడ్డు రావడం చేత, ఇంకా కొన్ని దృశాశాస్త్ర కారణాల చేత, ఫోటో మూలలకు వెలుగు తక్కువ చేరుతుంది. కెమెరా తయారీదార్లు దాన్ని లోపంగా ఎంచి తగ్గించాలని చూశారు. ఇవాళ ఆ లోపాన్నే అలంకారంగా పూసుకుంటున్నాం. రూపచిత్రంలో విన్యెట్ ఇందుకు దాదాపు తలకిందులు. అక్కడ అంచులు చీకట్లో మునగవు, తెల్లదనంలోకి విడిపోతాయి. పందొమ్మిదో శతాబ్దపు ఫోటోగ్రాఫర్లు దీన్ని సాధించడానికి అచ్చు వేసేటప్పుడు నెగటివుకు కొంచెం ఎడంగా మధ్యలో రంధ్రం చేసిన అట్ట పెట్టేవారు. అట్ట అంచు నీడ మెత్తగా పడి, భుజాల కింద మనిషి మంచులో కలిసినట్టయ్యేవాడు. మన పాత ఇళ్ళ గోడల మీది కోడిగుడ్డు ఆకారపు పటాలు ఆ పద్ధతికి చెందినవే. ఫోటోగ్రాఫరు అట్టతో చేసిన పనిని చిత్రకారుడు మెదడుతో చెయ్యాలి. రంధ్రం ఎక్కడ కొయ్యాలో ప్రతి బొమ్మకూ కొత్తగా తేల్చుకోవాలి.

"సగంలో వదిలేసిన బొమ్మకీ దీనికీ తేడా ఏమిటి?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. చిత్రకళా చరిత్రలో అసంపూర్ణంగా మిగిలిన గొప్ప ముఖాలు చాలా ఉన్నాయి. అవన్నీ విన్యెట్లు కావు. గిల్బర్ట్ స్టూవర్ట్ 1796లో జార్జి వాషింగ్టన్ బొమ్మ మొదలుపెట్టి తల, దాని చుట్టూ కొంత గోధుమరంగు వేసి ఆపేశాడు. కారణం కళ కాదు, వ్యాపారం. బొమ్మ పూర్తయితే అప్పగించాలి, అప్పగిస్తే నకళ్ళు తీయడానికి మాతృక ఉండదు. అంచేత చచ్చేదాకా తన దగ్గరే ఉంచుకుని డజన్ల కొద్దీ నకళ్ళు వేసి అమ్ముకున్నాడు. అమెరికా ఒక డాలరు నోటు మీద అద్దంలో ప్రతిబింబంలా కుడియెడమలు మారి కనబడే ముఖం ఇదే. డేవిడ్ వేసిన యువ నెపోలియను బొమ్మ (ఇప్పుడు లూవ్రులో ఉంది) అలా ఆగిపోవడానికి కారణం ఇంకా సులభం. కూర్చున్న మనిషికి ఓపిక లేదు. హోల్బైన్ వేసిన ముఖాల రేఖాచిత్రాలు విండ్సర్ కోటలో ఎనభై దాకా ఉన్నాయి. గులాబీ పూత పూసిన కాగితం మీద రంగుసుద్దతో ముఖాన్ని ప్రాణం పెట్టి వేసి, దుస్తుల్ని రెండు మూడు గీతల్లో తేల్చేసి, ఫలానా చోట ఫలానా రంగు అని రాసుకున్నాడు. అవి తరవాత వెయ్యబోయే చిత్రాలకు సరంజామా.

ఇవేవీ విన్యెట్ కోసం వేసినవి కావు. ఐనా ఆ హోల్బైన్ ముఖాల ముందు నిలబడ్డవాడికి దుస్తులు లేని లోటు తోచదు. ఆ సంగతి తరవాతి తరాలవాళ్ళు గమనించారు. ప్రమాదవశాన బాగా కుదిరినదాన్ని కావాలని చెయ్యడం నేర్చుకోవడమే కళల్లో సగం చరిత్ర. ఆంగ్ర్ రోములో ఉన్న రోజుల్లో, 1815 తరవాత నెపోలియను ప్రభుత్వపు పోషణ పోయి పూట గడవని స్థితిలో, యాత్రికులకు పెన్సిలుతో రూపచిత్రాలు వేసి బతికాడు. ముఖంలో ఎక్కడ ముడత ఉందో, ఎక్కడ కండ మెత్తబడిందో అంతా ఉంటుంది. కోటు మాత్రం చకచకా సాగిన గీత. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గీత కూడా సెలవు తీసుకుంటుంది. తాను చరిత్ర చిత్రకారుణ్ణని చెప్పుకునే ఆంగ్ర్‌కి ఈ పని నామోషీగా ఉండేది. ఆయన కష్టపడి వేసిన పౌరాణిక చిత్రాలు చాలావాటిని ఈ కూటికోసం వేసిన బొమ్మలకు నేను సంతోషంగా మార్చుకుంటాను.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది సర్ థామస్ లారెన్సు 1828లో వేసిన విలియం విల్బర్‌ఫోర్సు బొమ్మ. లండను నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి బ్రిటిషు పార్లమెంటులో ఏళ్ళ తరబడి పోరాడిన మనిషి. బొమ్మ నాటికి డెబ్బైకి దగ్గరపడ్డాడు, వెన్ను వంగిపోయింది, తల ఒక పక్కకు వాలిపోతుండేది. లారెన్సు ఆ వాలిన తలను పూర్తిగా చిత్రించాడు. అందులో నొప్పికి బదులు ఎదుటివాడి మాట వినడానికి కొంచెం ముందుకు వంగిన మర్యాద కనబడుతుంది. మిగిలిన ఒళ్ళు, కుర్చీ కాన్వాసు మీద గీతలుగానే ఉండిపోయాయి. 1830 జనవరిలో లారెన్సు పోయాడు. బతికుంటే బహుశా నల్లకోటు, ఎర్రతెర వేసి పూర్తి చేసుండేవాడు, ఆయన మామూలు పద్ధతి అదే. అప్పుడు ఆ వంగిన వెన్నును కోటు కింద దాచే నేర్పు చూసి మెచ్చుకునేవాళ్ళం, విల్బర్‌ఫోర్సును ఇంత దగ్గరగా చూసేవాళ్ళం కాదు.

సరే, ఇది కావాలని చేసేటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. విన్యెట్ అంటే మిగిలింది వెయ్యకపోవడం అనుకునేవాళ్ళు ఒక్కసారి ప్రయత్నిస్తే చాలు, భ్రమ తొలగిపోతుంది. నాలుగంచులూ నింపిన చిత్రానికి చట్రమే దన్ను. మనిషి ఎటు వంగినా చట్రపు గీతలు పట్టుకుంటాయి. విన్యెట్‌లో ఆ దన్ను ఉండదు. వేసిన భాగమంతా కలిసి తెల్లటి మైదానంలో ఒక ద్వీపం. ఆ ద్వీపపు ఆకారం బాగుండాలి. కళ్ళు సగం మూసి చూస్తే ముఖమన్న సంగతి మరిచిపోయినా చూడబుద్ధయ్యే మచ్చలా ఉండాలి. కోడిగుడ్డులా నున్నగా ఉంటే మందుసీసా మీది బొమ్మవుతుంది. నాలుగు మూలలా మిగిలిన నాలుగు ఖాళీలూ ఒకే పరిమాణంలో ఉంటే బొమ్మ గోడకు మేకుతో కొట్టినట్టు బిగుసుకుంటుంది. అంచేత తెలిసినవాళ్ళు ద్వీపాన్ని ఒకటి రెండు చోట్ల కాన్వాసు అంచుకు తాకనిస్తారు. ఒక భుజం కిందికి జారి అంచు దాటిపోతుంది, మరో వైపు జుట్టు గాలిలోనే ఆగుతుంది. ఖాళీలు చిన్నా పెద్దా అవుతాయి. బొమ్మలోకి గాలి వస్తుంది.

తరవాత అంచుల సంగతి. ముఖంలో వెలుగు పడిన చెంప పక్కన ఒక గట్టి అంచు, నీడ వైపు మెత్తటి అంచు, భుజం దగ్గర అసలు అంచే లేకపోవడం. ఈ మూడూ ఒకదాన్నుంచి ఒకటి పుట్టాలి. చాలామంది చేసే పని ఏమిటంటే ముఖమంతా ఒకే బిగువుతో వేసి, మెడ కింద నుంచి హఠాత్తుగా పెద్ద కుంచె తీసుకుని నాలుగు చారలు లాగడం. అప్పుడు ఒకే కాన్వాసు మీద ఇద్దరు వేరువేరు చిత్రకారులు పని చేసినట్టుంటుంది, వాళ్ళిద్దరికీ మాటలు లేనట్టు కూడా ఉంటుంది. వదిలేయడం కళ్ళ దగ్గరే మొదలవ్వాలి. ఒక కన్ను కంటె రెండో కన్ను కొంచెం తక్కువ చెప్పాలి. చెవి ఇంకొంచెం తక్కువ. చెవి దాటిన జుట్టు ఇంకా తక్కువ. భుజం దగ్గరికి వచ్చేసరికి చూసేవాడికి వదిలేస్తున్నారన్న సంగతి తెలియనే తెలియదు.

మూడోది, ఖాళీ కూడా రంగే. తెల్లటి నేల పక్కన ఏ నీడైనా ఉన్నదానికంటె నల్లగా కనిపిస్తుంది. గోధుమరంగు పూసిన కాన్వాసు మీద సరిపోయిన నీడ తెల్ల కాన్వాసు మీద బొగ్గు పెట్టినట్టుంటుంది. నేల ఏ రంగో ముందే నిశ్చయించుకోవాలి. నీటిరంగుల్లో అయితే మరీను. కాగితపు తెలుపును ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ దొరకదు. తైలవర్ణాల్లో తడి ఆరకముందు గుడ్డతో తుడిచే వెసులుబాటుంది, తుడిచిన మరకకు కూడా ఒక అందం ఉంది. కజాన్‌లో పుట్టి, రేపిన్ దగ్గర చదివి, 1923లో అమెరికా చేరిన నికొలాయ్ ఫెషిన్ బొమ్మలు దీనికి మంచి పాఠం. ముఖం దగ్గర నగిషీ పనివాడి ఓర్పు. జానెడు దూరం పోతే కత్తితో రాసిన, గీకిన, తుడిచిన రంగు తుఫాను. ఆ తుఫానులో ఏ మరకా అడ్డదిడ్డంగా పడింది కాదని కాసేపు చూస్తేగాని తెలియదు. చూపు అన్నిటి చివరా ముఖం దగ్గరికే వచ్చి చేరుతుంది.

పత్రికల బొమ్మలవాళ్ళకు ఈ విద్య అవసరం కొద్దీ వచ్చింది. లేయెండెకర్ 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికకు మూడు వందలకు పైగా వేసిన ముఖచిత్రాల్లో చాలావాటికి నేపథ్యం ఉత్త తెలుపే. బొమ్మ ఆకారమే దూరంనుంచి దుకాణంలో కొనేవాడి కంటిని పట్టాలి. మనకు బాపు ఉన్నారు. కథ పక్కన అచ్చయిన ఆయన బొమ్మల్లో చీర కుచ్చెళ్ళు అక్షరాల మధ్యకు జారి మాయమవడం చూస్తూ పెరిగాం. పాదాలు లేవని ఎవరం అడగలేదు. అదే బొమ్మను తైలవర్ణాల్లో వేసి గోడకు తగిలిస్తే మాత్రం "పాదాలేవీ?" అంటాం. అచ్చు పుటలో ఒప్పుకున్నదాన్ని గోడ మీద ఎందుకు ఒప్పుకోమో నాకు చాన్నాళ్ళుగా అంతుబట్టని విషయం.

ఒక కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదన్నది మన నమ్మకం. విగ్రహానికి కళ్ళు తెరిపించడం చివరి సంస్కారం, అంటే అంతకుముందు మిగిలిన అంగాలన్నీ సిద్ధమై ఉండాలి. గోడకెక్కే పటం ఎప్పటికైనా దండ వేసే పటమే కనక, సగం మనిషిని గోడకెక్కించడం అశుభమన్న జంకు లోలోపల ఉంటుంది. కాని మన దేశంలోనే పూరీలో జగన్నాథుడున్నాడు. గడువు తీరకముందే ఇంద్రద్యుమ్న మహారాజు తలుపు తెరవడంతో చేతులూ కాళ్ళూ పూర్తికాకుండానే శిల్పి మాయమయ్యాడని కథ. ఆ మూర్తికి పెద్ద గుండ్రటి కళ్ళున్నాయి, చాలాయి. అలాగే జహంగీరు 1618లో చావుబతుకుల్లో ఉన్న ఇనాయత్ ఖాన్ అనే తన ఉద్యోగిని చిత్రించమని ఆస్థాన చిత్రకారులకు ఆజ్ఞ ఇచ్చాడు. నల్లమందుకు అలవాటుపడి ఎముకలపోగు అయిన మనిషి. రంగులు నింపిన పూర్తి చిత్రం ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది, సిరాతో వేసి కాస్త పలుచని రంగు తాకించిన రేఖాచిత్రం బోస్టను మ్యూజియంలో ఉంది. రెండింటి అచ్చుప్రతులూ పక్కపక్కన పెట్టి చూడండి. రేఖాచిత్రంలోని మనిషి కాగితంలోకి పోతున్నాడు. పూర్తి చిత్రంలో ఆ భయం రంగుల వెనక కొంత సర్దుకుంది.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే మా మేనత్త పటం ఒకటుంది. ఆవిడ బతికుండగా తీసిన ఫోటో ఒక్కటే, ఏదో దరఖాస్తుకు అంటించడానికి తీసిన బొటనవేలంత ఫోటో. ముఖం, మెడ, చీర అంచు కొంచెం, అంతే. ఆవిడ పోయాక ఇంట్లోవాళ్ళు దాన్ని ఒక చిత్రకారుడికి ఇచ్చి రెండడుగుల తైలవర్ణ చిత్రం వేయించారు. చెయ్యి తిరిగినవాడే. ఫోటోలో ఉన్న ముఖాన్ని బాగానే పట్టాడు. లేనిదంతా కల్పించాడు. జరీ పట్టుచీర కట్టబెట్టాడు, నాలుగేసి బంగారు గాజులు తొడిగాడు, పక్కన పూలసజ్జ పెట్టాడు. మా అత్తయ్య జీవితమంతా నేత చీరలే కట్టింది. పొలం పనుల వల్ల ఆవిడ చేతివేళ్ళ కణుపులు లావెక్కి ఉండేవి, పటంలో వేళ్ళు చిగురుటాకుల్లా ఉంటాయి. ఆవిణ్ణి ఎరగని పిల్లలు ఇప్పుడా వేళ్ళనే ఆవిడవి అనుకుంటున్నారు. ముఖం వేసి, మెడ కింద ఆ చీర అంచు దగ్గర కుంచె ఆపేసి ఉంటే మాకు తెలియనిది తెలియనట్టే ఉండేది, తెలిసిన ముఖం మా ముఖంగా మిగిలేది. ఇందులో ఆ చిత్రకారుణ్ణి అనడానికీ లేదు. అడిగింది అదే, ఇచ్చింది అదే. చిన్న ఫోటోలనుంచి, గుంపు ఫోటోల్లో కత్తిరించిన తలలనుంచి ఇలా కోట్లూ పట్టుచీరలూ ఎరువిచ్చిన పటాలు మన ప్రాంతంలో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఇప్పుడు యంత్రాలు క్షణంలో ఆ పని చేసిపెడుతున్నాయి. ఉన్న ముఖం చుట్టూ లేని ఒళ్ళు, లేని ఇల్లు, లేని తోట. పోయినవాళ్ళ గురించి మనకు తెలియనిది ఎంతో చెప్పగలిగిన బొమ్మ ఒక్క విన్యెట్టే అని నాకు అనిపించేది ఇందుకే.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి. ఈ మధ్య ఇంటర్నెట్‌లో చూస్తున్న రూపచిత్రాల్లో విన్యెట్ ఒక వేషమైపోయింది. ముఖం ఫోటోలా నున్నగా, చుట్టూ రంగు చిందులు, కిందికి కారిన ధారలు. ధార కారాలని కారినట్టు తెలిసిపోతుంటుంది. చేతులు వెయ్యడం రాక చేతులున్నచోట రంగు చల్లేవాళ్ళూ ఉన్నారు. వాటిని చూసి "ఇదా మీరు మెచ్చేది?" అని అడిగితే నా దగ్గర ఒకటే కొలబద్ద ఉంది. వదిలేసిన చెయ్యి ఎక్కడ ఉండాలో ఆ ఖాళీలో నాకు తెలుస్తోందా? ఆంగ్ర్ గీసిన భుజం కింద లేని మోచేతిని నేను వేలితో చూపించగలను. ఈ చిందుల వెనక మోచెయ్యి లేదు. తెలిసి వదలడానికి పూర్తిగా వెయ్యడం వచ్చి ఉండాలి, అంచేత నేర్చుకునేవాళ్ళు మొదట పదో ఇరవయ్యో బొమ్మలు అంచుల దాకా నింపే వెయ్యాలని పాతకాలపు గురువులు పట్టుబట్టడం నాకు సబబుగానే తోస్తుంది. అలాగే అందరి బొమ్మలకూ ఇది నప్పదు. తన పనిముట్ల మధ్యనే తానైన మనిషిని, ఉదాహరణకు మగ్గం ముందు కూర్చున్న నేతగాణ్ణి, మగ్గం చెరిపేసి వేస్తే మిగిలేది ఎవరి ముఖమో. అక్కడ మగ్గాన్ని వెయ్యాల్సిందే, కండెతో సహా.

చివరగా డబ్బుల సంగతి, ఎందుకంటే వేయించేవాళ్ళకు అసలు సందేహం అక్కడే. రూపచిత్రాలకు ధర ఒంటి కొలతను బట్టి కట్టడం పాత ఆచారం. రేనాల్డ్స్, లారెన్సుల కాలంలోనూ తలకు ఒక రేటు, నడుము దాకా ఒక రేటు, నిలువెత్తుకు ఒక రేటు. మన దగ్గరా అడుగుల లెక్కే. ఈ లెక్కన విన్యెట్ వేయించేవాడికి సగం కాన్వాసు ఖాళీగా ఇచ్చి పూర్తి డబ్బు అడుగుతున్నారన్న అనుమానం సహజం. ఎవరైనా నన్ను సలహా అడిగితే బేరం ముఖానికే కట్టమంటాను. ఎన్నిసార్లు కూర్చోబెట్టి చూస్తారో, ఎన్నిసార్లు తుడిచి మళ్ళీ వేస్తారో అడిగి దానికే ఇమ్మంటాను. కోటు, తెర, పూలసజ్జ ఉచితంగా వేసిస్తామన్నా వద్దనమంటాను.